చిన్న గిరాకీ ఉన్న ఓపెన్ సోర్స్ టూల్‌కి డబ్బు ఏ దారిలో వస్తుంది? ఒడిశా సరిహద్దు తెలుగు డెవలపర్ల కోసం ఒక పోలిక

బరంపురంలో ఏదైనా ప్రింటింగ్ ప్రెస్‌లో పెళ్లికార్డు తీసి చూడండి. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లోనూ ఇది మామూలే. ఆ కార్డు వెనకున్న ఫైల్లో తెలుగు అనూ ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో ఉండటం ఇప్పటికీ కనబడుతుంది. రెండూ యూనికోడ్‌కి (అన్ని లిపుల అక్షరాలకూ ఉన్న ఒకే ప్రమాణ సంకేతాల పద్ధతికి) ముందు పద్ధతివి. అదే మ్యాటర్‌ని వెబ్‌సైట్‌లో పెట్టినా, ఫోన్ యాప్‌లోకి తెచ్చినా గజిబిజి అక్షరాలే వస్తాయి. ఈ రెండు ఫాంట్లనూ యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా పీడీఎఫ్ తీసే లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో కలిపి వాడుకునే కోడ్) కావాలంటే రెండు లిపులూ చదవగలిగినవాడు రాయాలి. అలాంటివాళ్లు మన సరిహద్దు జిల్లాల్లోనే ఎక్కువ. పాలూరు కొండల దగ్గర నిస్ట్‌లోనో, గుణుపురం గైట్‌లోనో, పర్లాకిమిడి సెంచూరియన్‌లోనో చదివి, ఊరు వదలకుండా కోడ్ రాసుకుంటున్న తెలుగు పిల్లల చేతుల్లో ఇలాంటి టూళ్లు పుడుతున్నాయి.

రాసినవాడు దాన్ని ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్‌ని ఎవరైనా చూసి, వాడి, మార్చుకునేలా విడుదల చేస్తాడు. నలుగురు వాడతారు, ఇష్యూలు పెడతారు, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అడుగుతారు. ఆర్నెల్లు గడిచాక వచ్చే ప్రశ్న ఒక్కటే: దీని మీద బతకొచ్చా? పూర్తిగా కాకపోయినా, నెలకు కొంతైనా వస్తుందా? వస్తుందనే నా నమ్మకం. కాకపోతే పెద్ద ప్రాజెక్టుల గురించి చదివి నేర్చుకున్న దారుల్లో సగం మన లెక్కకు సరిపోవు. ఏవి సరిపోతాయో, ఏవి పోవో ఈ లైబ్రరీనే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

ముందు తలలు లెక్కపెట్టండి

చిన్న మార్కెట్‌లో మొదట తేల్చుకోవాల్సింది వాడేదెవరు, డబ్బిచ్చేదెవరు అన్నది. ఈ ఇద్దరూ ఒకరు కాదు. మీ లైబ్రరీని వాడేది ఒక డెవలపర్. చెక్కు మీద సంతకం పెట్టేది అతని యజమాని. డెవలపర్‌కి మీ కోడ్ మీద ప్రేమ ఉంటుంది, ఖర్చుపెట్టే అధికారం ఉండదు. యజమానికి అధికారం ఉంటుంది, మీ టూల్ పేరు కూడా తెలియదు.

లెక్క కోసం మీ లైబ్రరీని 200 మంది డెవలపర్లు వాడుతున్నారనుకుందాం. వాళ్లలో నూటికి ఇద్దరు నెలకు 500 రూపాయల చొప్పున ఇచ్చారనుకుంటే నలుగురు, నెలకు 2,000. అదే 200 మంది వెనక 40 సంస్థలు ఉండి, వాటిలో ఎనిమిది ఏడాదికి 25,000 చొప్పున కడితే 2 లక్షలు. వాడేవాళ్లు అంతే, కోడ్ అంతే. అడిగిన మనిషి మారాడు, అడిగిన పద్ధతి మారింది. లక్షలమంది వాడే టూల్‌కి వెయ్యిలో ఒక్కరు ఇచ్చినా గడుస్తుంది. రెండువందల మందిలో వెయ్యికి ఒక్కరంటే అసలెవరూ లేరన్నమాట.

విరాళాలు

కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్‌లో విరాళాలు తీసుకునే స్పాన్సర్స్ సదుపాయం 2019లో మొదలయ్యాక, రిపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) పేజీలో గుండె బొమ్మ పెట్టుకోవడం చాలామంది వేసే మొదటి అడుగు అయింది. దాన్ని ప్రధాన ఆదాయంగా నమ్ముకోవద్దనే నా సలహా. ఇంటర్నెట్‌లో సగం భద్రత మోస్తున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టుకి, 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడే నాటికి, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లే. ప్రపంచమంతా వాడే కోడ్ పరిస్థితే అదైతే, ఒడియా-తెలుగు ఫాంట్ కన్వర్టర్‌కి ఏం వస్తుందో ఊహించుకోవచ్చు.

మనదేశంలో ఇంకో అడ్డంకి ఉంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం కార్డు మీద నెలనెలా తీసుకునే చెల్లింపులకు ముందస్తు అనుమతి నమోదు చేయించాలి, తీసుకునే ముందు కబురు పంపాలి. ఓటీపీ లేకుండా జరిగే చెల్లింపు పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022లో 15,000 చేశారు. వినియోగదారుడికి ఇది మంచి రక్షణే. కానీ నెలకు వందా రెండొందలూ ఇచ్చేవాడు అనుమతి గడువు తీరాక మళ్లీ నమోదు చేసుకుంటాడని ఆశపెట్టుకోలేం. మన దగ్గర ఏడాదికోసారి బిల్లు వేసి యూపీఐలోనో, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానో తీసుకోవడమే నిలకడైన పద్ధతి.

గ్రాంట్లు వేరే సంగతి. షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024లో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు కేటాయించి, ఒక్కో ప్రాజెక్టుకి 10,000 నుంచి 1,00,000 డాలర్ల మధ్య ఇస్తామంది. ఒక భారతీయ సంస్థ ఇంత పూనుకోవడం నిజంగా సంతోషించాల్సిన విషయం. అయితే వాళ్లు చూసేది ఇప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్న ప్రాజెక్టుల వైపు. మన చిన్న లైబ్రరీ ఆ వరుసలో వెనకే ఉంటుంది. దరఖాస్తు పెట్టండి, దాని మీద ఇల్లు గడపాలని మాత్రం ప్లాన్ వేసుకోకండి.

రెండు లైసెన్సుల దారి

లైబ్రరీ రాసినవాళ్లు బాగా ఆలోచించాల్సిన దారి ఇది. ఒకే కోడ్‌ని రెండు షరతుల మీద ఇస్తారు. ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాకపోతే దాన్ని తమ ప్రోగ్రాంలో కలిపి పంచినా, మార్చి నెట్‌వర్క్ మీద సేవగా నడిపినా తమ సోర్స్ కూడా వాడుకరులకు ఇవ్వాలి. సోర్స్ బయటపెట్టడం ఇష్టం లేనివాళ్లు మీ దగ్గర కమర్షియల్ లైసెన్స్ కొనుక్కుంటారు. పీడీఎఫ్ రంగంలో ఐటెక్స్ట్, ఘోస్ట్‌స్క్రిప్ట్ ఇలాగే నడుస్తున్నాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కంపెనీ ఈ పద్ధతిలో ఎదిగి, 2008లో సుమారు 100 కోట్ల డాలర్లకు సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి వెళ్లింది.

దీనికి మూలమైన మామూలు జీపీఎల్ లైసెన్స్ ఎందుకు చాలదంటే, దాని షరతులు ప్రోగ్రాం కాపీని వేరొకరికి అందించినప్పుడే పనిచేస్తాయి. ఇవాళ మీ లైబ్రరీ కొనగలిగే సంస్థ దాన్ని తన సర్వర్‌లో పెట్టి వెబ్‌సైట్‌గా నడుపుతుంది, కాపీ ఎవరికీ ఇవ్వదు. ఆ సందును మూయడానికి వచ్చిందే ఏజీపీఎల్, దాని మూడో వెర్షన్ 2007లో వచ్చింది. గూగుల్ అయితే ఏజీపీఎల్ కోడ్‌ని లోపలికి తేవద్దని తన నియమాల్లో బహిరంగంగానే రాసుకుంది. అలాంటి భయమున్న సంస్థలే మీ కమర్షియల్ లైసెన్స్‌కి గిరాకీ.

ఇక్కడే మన ప్రాంతం లెక్క వేరవుతుంది. ఇచ్ఛాపురంలోనో, పాతపట్నంలోనో ఇద్దరు మనుషులతో నడిచే సాఫ్ట్‌వేర్ షాపు ఏజీపీఎల్ చదవదు. చదివినా లెక్కచేయదు. వాళ్ల మీద కోర్టుకెళ్లే ఓపికా, డబ్బూ మీకుండవు. ఉన్నా వెళ్లకూడదు, రేపు మీ దగ్గరికి రావాల్సినవాళ్లు వాళ్లే. రెండు లైసెన్సుల దారి పనిచేసేది లీగల్ విభాగం ఉన్న కొనుగోలుదారు దగ్గర: హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు, పత్రికా సంస్థలు, విదేశాల్లో భారతీయ భాషల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. మీ 40 సంస్థల్లో అలాంటివి ఐదైనా ఉన్నాయా అని చూసుకోండి. లేకపోతే ఈ దారి కాగితం మీదే బాగుంటుంది.

ఇంకో షరతు అంతకంటే ముఖ్యం. రెండు లైసెన్సులు ఇవ్వాలంటే కోడ్ మొత్తం మీద హక్కు మీదై ఉండాలి. ఉద్యోగంలో ఉంటూ ఆ పనిలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం మొదటి హక్కుదారు యజమాని. కాలేజీ ప్రాజెక్టుగా రాసినదైతే కాలేజీ నియమాలు చూసుకోవాలి. బయటివాళ్లు పంపిన పుల్ రిక్వెస్టుల (కోడ్ మార్పుల) విషయంలో మనవాళ్లలో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. అదే చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనుకుంటారు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. సెక్షన్ 30ఏ ఈ నియమాలనే లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. కాబట్టి అమెరికా కంపెనీ ఒప్పంద పత్రాన్ని నకలు తీసి పెట్టుకుంటే చాలదు. కంట్రిబ్యూటర్ ఒప్పందంలో కాలం, ప్రాంతం స్పష్టంగా రాయించండి. ఒక లాయర్‌కి ఒక్కసారి చూపించడానికయ్యే ఖర్చుకి వెనకాడకండి.

ఫాంట్ కన్వర్టర్‌కి నాకు నచ్చిన అమరిక వేరే ఉంది. ఇంజిన్ కోడ్‌ని, మ్యాపింగ్ పట్టికలను విడదీయండి. ఏ ప్రెస్‌లో ఏ పాత ఫాంట్ ఏ అక్షరాన్ని ఎక్కడ దాచిందో చెప్పే పట్టికలు ఒక్క మనిషి పూర్తి చేయలేడు. జయపురం నుంచి ఒకరు, శ్రీకాకుళం నుంచి ఒకరు దిద్దుతూ ఉంటేనే అవి నిండుతాయి. వాటిని ఏ షరతూ లేని సీసీ జీరో కింద అందరికీ వదిలేయండి, ఒప్పంద పత్రాల బాధ తప్పుతుంది. ఇంజిన్ మాత్రం మీరే రాసి ఏజీపీఎల్ కింద ఉంచుకోండి. సాయం చేసినవాళ్ల శ్రమ అందరిదిగానే ఉంటుంది, మీ ఆదాయానికి ఆధారమూ మీ దగ్గరే ఉంటుంది.

కొంత తెరిచి, కొంత మూసి

ఓపెన్ కోర్ అంటే అసలు టూల్ ఉచితం, పెద్ద సంస్థలకు కావాల్సిన అదనపు సదుపాయాలు డబ్బుకి. చిన్న మార్కెట్‌కి దీనికి మించిన ఉదాహరణ సైడ్‌కిక్. రూబీ భాషలో రాసిన ప్రోగ్రాములకు వెనకతట్టు పనులు చేసిపెట్టే ఈ టూల్‌ని మైక్ పెర్హామ్ 2012లో మొదలుపెట్టాడు. మామూలు వెర్షన్ ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉచితం. ప్రో, ఎంటర్‌ప్రైజ్ వెర్షన్లు చందాకి. ఏళ్ల తరబడి ఒక్క మనిషే దాన్ని నిలబడే వ్యాపారంగా నడిపాడు. ఒంటరిగా పనిచేసే ప్రతి డెవలపర్ ఆ కథ తెలుసుకోవాలి.

దాన్ని మనం నకలు కొట్టే ముందు ఒక తేడా గమనించాలి. రూబీ మార్కెట్ ఒక మూలదే అయినా ఆ మూల ప్రపంచమంతా పరుచుకుని ఉంది, డబ్బున్న కంపెనీలు అందులో బోలెడు. మన కన్వర్టర్‌కి ఎంటర్‌ప్రైజ్ వెర్షన్ అంటే ఏముంటుంది? వేల ఫైళ్లను ఒకేసారి మార్చడం, మార్పుల రికార్డు ఉంచడం, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌తో కలపడం. ఇవి కొనేది దినపత్రికలూ, పెద్ద ప్రచురణ సంస్థలూ. గట్టిగా లెక్కపెడితే చేతివేళ్లు చాలు. దానికోసం రెండు కోడ్‌బేస్‌లు మోయాలి, మూసిపెట్టిన సదుపాయాన్నే ఎవరో ఉచితంగా రాసి పంపితే కాదనాలి. అలాంటి సంస్థ ఒకటి ముందుగా డబ్బు కడతామన్నప్పుడే మొదలుపెట్టండి.

మీరే నడిపి సేవగా అమ్మడం

ముంబైలో పుట్టిన ఫ్రాపె సంస్థ ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ని జీపీఎల్ కింద ఇచ్చేసి, ఫ్రాపె క్లౌడ్ పేరుతో హోస్టింగ్ అమ్ముతుంది. వాడేవాడికి సర్వర్ గొడవ వద్దనిపిస్తే అక్కడికే వస్తాడు. వినడానికి ఇదే అన్నిటికంటే తేలికగా అనిపిస్తుంది. ఒంటరి మనిషికి ఇదే అన్నిటికంటే బరువు.

సర్వర్ ముంబైలోనో, హైదరాబాద్‌లోనో పెట్టుకోవచ్చు, ఏడబ్ల్యూఎస్‌కి రెండుచోట్లా రీజియన్లున్నాయి. సమస్య సర్వర్ దగ్గర కూర్చోవాల్సిన మనిషిది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు కరెంటూ, నెట్టూ రోజుల తరబడి ఉండవు. ముంబైలో సర్వర్ బాగానే నడుస్తుంటుంది, అది ఆగితే లేపాల్సిన మీరు చీకట్లో ఉంటారు. వేరే ఊళ్లో ఇంకో మనిషి తోడుంటే తప్ప, ఇరవైనాలుగు గంటల హామీ ఇవ్వకండి. దానికి తోడు వేరేవాళ్ల ఫైళ్లు మీ సర్వర్ మీదుగా వెళ్తున్నాయంటే 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం బాధ్యతలూ వచ్చి చేరతాయి. పెళ్లికార్డులో పేర్లూ, చిరునామాలూ, ఫోన్ నంబర్లూ ఉంటాయని మరవకండి.

సోర్స్ కనబడుతుంది, హక్కులుండవు

పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ కోడ్‌తో వ్యాపారం చేస్తున్నాయని 2018లో మాంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో హాషికార్ప్, 2024లో రెడిస్ లైసెన్సులు బిగించాయి. వాటిలో కొన్నిటి పాత కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అనే వేరు కుంపట్లు వెలిశాయి. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ని కూడా చేర్చి మళ్లీ ఓపెన్ సోర్స్ దారికి వచ్చాయి. మన ఒడియా-తెలుగు కన్వర్టర్‌ని హోస్ట్ చేయడానికి అమెజాన్ రాదు. మనకు లేని జబ్బుకి ఈ మందు వద్దు.

ఏఎంసీ

మన ఊళ్లలో నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది ఈ దారే. రైసు మిల్లు నుంచి ప్రింటింగ్ ప్రెస్ దాకా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) అంటే తెలియని యజమాని ఉండడు. కంప్యూటర్‌కి, యూపీఎస్‌కి, జెరాక్స్ మెషీన్‌కి, అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికోసారి కడుతూనే ఉన్నాడు. ఓపెన్ సోర్స్ సపోర్ట్ అని చెబితే ముఖం చిట్లిస్తాడు, ఏఎంసీ అంటే రేటెంత అని అడుగుతాడు.

ప్రపంచంలోనూ ఇది నిలబడ్డ దారే. డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి నడుపుతున్న కర్ల్ (నెట్ మీద డేటా తెచ్చే, పంపే టూల్) పూర్తిగా ఉచితం. 2019 నుంచి ఆయన వుల్ఫ్‌ఎస్‌ఎస్‌ఎల్ కంపెనీలో ఉంటూ కర్ల్‌కి సపోర్ట్ అమ్ముతున్నాడు. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కి అసలు లైసెన్స్ షరతే లేదు, పబ్లిక్ డొమైన్‌లో ఉంది. అయినా సపోర్ట్ ఒప్పందాలూ, కంపెనీల సభ్యత్వాలూ దాన్ని పోషిస్తున్నాయి. ఉచితంగా దొరికే కోడ్ వెనక నిలబడే మనిషికి విలువ ఉందన్నమాట.

యజమాని తప్పకుండా అడిగే మాట: "నెట్‌లో ఫ్రీగా ఉన్నదానికి బిల్లెందుకు బాబూ?" దానికి నేరుగా చెప్పండి: "కోడ్ ఫ్రీయేనండి. రేపు విండోస్ అప్‌డేట్ వచ్చి ఒత్తులు విడిపోతే, కార్డు తీసుకెళ్లడానికి పెళ్లివారు వచ్చి కూర్చుంటే, నాలుగు గంటల్లో సరిచేసే మనిషికి ఈ డబ్బు." ఆయన రెండో ప్రశ్న మీరు ఊరొదిలి వెళ్లిపోతే ఏమిటని. సోర్స్ ఆయన చేతిలోనే ఉంటుందని, ఇంకే డెవలపర్‌తోనైనా చేయించుకోవచ్చని చెప్పండి. మూసిన సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు ఇవ్వలేని భరోసా ఇది, మొహమాటం లేకుండా దీన్నే ముందు చెప్పాలి.

ఒప్పందంలో ఏ వెర్షన్లకు సపోర్ట్, ఎన్ని గంటల్లో జవాబు, ఏడాదికి ఎన్ని గంటల పని, ఆదివారం ఉంటుందా లేదా అన్నవి రాయండి. చేసిన మరమ్మతులన్నీ ఓపెన్ సోర్స్ రిపోలోకే వెళ్తాయన్న వాక్యం తప్పక ఉండాలి. లేకపోతే ఒక్కో కస్టమర్‌కి ఒక్కో వెర్షన్ మోయాల్సి వస్తుంది. గంట లెక్కన వసూలు చేయకండి, టూల్ బాగా పనిచేసిన కొద్దీ మీకు ఆదాయం తగ్గుతుంది.

బిల్లు సంగతి. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఒడిశా నుంచి ఆంధ్ర, తెలంగాణ కస్టమర్లకు సేవ అందించినా ఇదే పరిమితి, 2017 అక్టోబరులో ఆ సడలింపు ఇచ్చారు. సరిహద్దు దాటామని భయపడి చాలామంది తొందరపడి రిజిస్ట్రేషన్ తీసుకుంటారు, నెలనెలా రిటర్నుల బరువు ఎత్తుకుంటారు. రిజిస్ట్రేషన్ ఉండి పక్క రాష్ట్రపు రిజిస్టరైన సంస్థకి బిల్లు వేస్తే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే జీఎస్టీ) పడుతుంది. విదేశీ కస్టమర్ ఉంటే ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసి పన్ను లేకుండా ఎగుమతి బిల్లు వేయొచ్చు.

ఎవరికి ఏది

మీది వేరేవాళ్ల ప్రోగ్రాంలో కలిసే లైబ్రరీ అయి, లీగల్ విభాగమున్న సంస్థలు వాడుతుంటే ఏజీపీఎల్‌తో రెండు లైసెన్సులు, దగ్గరి కస్టమర్లకు ఏఎంసీ. రెండూ ఒకే టూల్‌కి పక్కపక్కనే నడుస్తాయి. మీది ప్రెస్‌లోనో, మిల్లులోనో నేరుగా నడిచే అప్లికేషన్ అయితే లైసెన్స్ గురించి ఎక్కువ మథనపడకుండా ఏఎంసీ మొదలుపెట్టండి. పగలు ఉద్యోగం, రాత్రి టూల్ అన్నట్టుంటే హోస్టింగ్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు ఏఐ సహాయకులు చిన్న కన్వర్షన్ స్క్రిప్టులు నిమిషాల్లో రాసిస్తున్నాయి. కోడ్ కొత్తదనం మీదే ధర నిలబెట్టాలనుకుంటే కష్టం. నిజమైన ప్రెస్ ఫైళ్ల మీద పరీక్షించిన పట్టికలు, తప్పొస్తే పలికే ఫోన్ నంబర్, వీటికే ధర.

డబ్బు లేని చిన్న గిరాకీ కూడా ఒకటుంది. గుణుపురం వైపు సవరల భాషకు 1936లో పుట్టిన సోరా సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆ లిపికి కీబోర్డు, ఫాంట్ పరీక్షలు, పీడీఎఫ్ సరిగ్గా రావడం, అన్నీ కావాల్సినవే, మనలాంటివాళ్లే చేయాల్సినవే. కొనే సంస్థ కోసం మాత్రం వెతకకండి. దాన్ని దాదాపు షరతుల్లేని ఎంఐటీ లైసెన్స్ కింద వదిలేసి, విశ్వవిద్యాలయాల దగ్గర, గ్రాంట్ల దగ్గర అడగండి. ఇంజిన్ రెండిటికీ ఒకటే కాగలిగితే, కన్వర్టర్ ఏఎంసీ గంటల్లో కొన్నిటిని దీనికి కేటాయించండి.

మీ కన్వర్టర్‌ని ఇప్పటికే ఎంఐటీ కింద విడుదల చేసి ఉంటే ఆ పాత వెర్షన్ల మీద ఇచ్చిన హక్కు వెనక్కి రాదు. రాబోయే వెర్షన్‌కి లైసెన్స్ మార్చుకోవచ్చు గానీ, పాతదాన్ని పట్టుకుని ఎవరైనా ముందుకు పోవచ్చు. అలాంటప్పుడు లైసెన్స్ మార్చి నలుగురితో గొడవపడే బదులు, ఆ టూల్‌ని వాడుతున్న మొదటి ప్రెస్‌కి రేపే ఒక ఏఎంసీ క్వొటేషన్ పంపండి.